నల్లా ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో

హైదరాబాద్‌లో చాలా బస్తీలకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఇది నగరంలో అందరికీ తెలిసిందే, అలవాటైపోయింది కూడా. నీళ్లొచ్చే రోజున ఇంట్లో ఒక మనిషి రోజంతా నల్లాకే అంకితమైపోతుందన్న సంగతి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. ఆ మనిషి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడమనిషే.

గల్లీ చివర ఒక గది ఇల్లు. గుమ్మం పక్కన గచ్చు పగలగొట్టి తవ్విన చిన్న గుంట. నల్లా ఆ గుంటలో ఉంటుంది, ఎందుకంటే లైన్‌లో ప్రెషర్ తక్కువ. నల్లా ఎంత కిందికి ఉంటే ధార అంత బాగా వస్తుంది. గుంటలోకి వంగి ముందు చెంబు పెట్టాలి, చెంబుతో బిందె నింపాలి, బిందెతో లోపల ఉన్న నీలం డ్రమ్ము నింపాలి. మొదటి పది నిమిషాలు మట్టి నీళ్లు, వాటిని పారబోయాలి. ఆ తర్వాత తాగడానికి వేరు, వంటకు వేరు, బట్టలకు వేరు. ఇదంతా గంటా గంటన్నరలో అయిపోవాలి. పక్కింటివాళ్లు మోటార్ వేశారంటే ఇక్కడ ధార సన్నబడిపోతుంది, గొడవ మొదలవుతుంది. నీళ్లు తెల్లవారుజామున నాలుగింటికి వస్తే నిద్ర చెడుతుంది. ఎనిమిదింటికి వస్తే పని పోతుంది. ఏడున్నరకల్లా అపార్ట్‌మెంట్‌లో గిన్నెలు తోమాల్సిన మనిషి తొమ్మిదింటికి వెళితే, నెలలో నాలుగైదు సార్లు అలా జరిగితే, ఆ ఇంటి పని ఇంకొకరికి వెళ్లిపోతుంది.

నగరం ప్రజలకు చేసే సేవలను కొలవడానికి మనకు చాలా కొలబద్దలున్నాయి. ఎన్ని మిలియన్ లీటర్లు ఇచ్చారు, ఎన్ని పడకలు, ఎన్ని బస్సులు, ఎన్ని కోట్లు. ఆ సేవ అందుకోవడానికి మనిషి ఎన్ని గంటలు ధారపోశాడన్నది మాత్రం ఏ వార్షిక నివేదికలోనూ కనబడదు. కానీ నగర జీవితం సుఖంగా ఉందా లేదా అన్నది తేలేది ఎక్కువగా ఆ గంటల దగ్గరే. హైదరాబాద్‌లో గత పది పదిహేనేళ్లలో పేదల కోసం వచ్చిన పథకాల్లో బాగా పనిచేసినవి, అంతంతమాత్రంగా మిగిలినవి ఏవో చూస్తే తేడా చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. టైమ్ మిగిల్చినవి జనం బతుకును మార్చాయి. డబ్బు మిగిల్చి టైమ్ తిన్నవి సగంలో ఆగిపోయాయి.

నీటి కథ కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది, వేలమంది చనిపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనలతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులే నగరానికి తాగునీరయ్యాయి. ఉస్మాన్ సాగర్ నీళ్లు నేల వాలు మీదే నడిచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి, పంపు అవసరం లేదు. తర్వాత 1960ల్లో మంజీరా వచ్చింది. అదీ చాలక 2004లో కృష్ణ, 2015లో గోదావరి. కృష్ణా నీళ్లు నాగార్జున సాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్ల పైచిలుకు దూరం ప్రయాణించి, దశలు దశలుగా ఎత్తిపోస్తే ఇక్కడికి చేరతాయి. అంత దూరం నుంచి నదిని తెచ్చిన నగరం, ఆఖరి వంద గజాల దగ్గర మాత్రం ఒక వాల్వ్ తిప్పే మనిషి మీద ఆధారపడుతుంది.

ఆ మనిషి లైన్‌మన్. చేతిలో పొడవాటి ఇనప తాళంచెవితో గల్లీ గల్లీ తిరిగి, రోడ్డు మీది చిన్న మూత తీసి వాల్వ్ తిప్పుతాడు. ఒక ఏరియాకు వదిలితే ఇంకో ఏరియాకు కట్టేయాలి. అందరికీ ఒకేసారి వదిలితే ఎత్తు మీదున్న ఇళ్లకు చుక్క ఎక్కదు. కరెంటు పోయినా, ఎక్కడో పైపు పగిలినా, రిజర్వాయర్ ఆలస్యంగా నిండినా ఆరింటికి రావాల్సిన నీళ్లు పదింటికి వస్తాయి. అందుకే ఆ బస్తీలో ప్రతి ఆడమనిషి ఫోన్‌లోనూ లైన్‌మన్ నంబర్ ఉంటుంది. ‘అన్నా, ఇయ్యాల నల్లా ఎప్పుడొస్తది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికితే ఆ పూట సగం టెన్షన్ తీరినట్టే. వాటర్ బోర్డుకు 155313 అనే హెల్ప్‌లైన్ ఉంది, దానికి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదవుతుంది. కానీ బస్తీ నడిచేది లైన్‌మన్ నంబర్ మీదే. ఈ ఏర్పాటులో మంచితనం ఉంది, మనుషుల మధ్య పరిచయం ఉంది. నంబర్ లేని కొత్తగా వచ్చిన కిరాయి కుటుంబం సంగతి మాత్రం ఎవరూ చూడరు.

రోజు విడిచి రోజు నీళ్లివ్వడంలో ఇంకో చిక్కు ఉంది, అది ఆరోగ్యానికి సంబంధించినది. నీళ్లు కట్టేశాక పైపులో ప్రెషర్ ఉండదు. పక్కనే డ్రైనేజీ లైన్ ఉంటే, రెండింటిలోనూ పగుళ్లుంటే, ఖాళీ పైపు బయటి మురికిని లోపలికి లాగుతుంది. నల్లా గుంటలో నిలిచిన నీళ్లదీ అదే దారి. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి పలువురు చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. మోటార్లు ఈ లాగుడును ఇంకా పెంచుతాయి. బోర్డు మోటార్లను పట్టుకుంటుంది, జరిమానా వేస్తుంది. అది చేయాల్సిందే. అయితే మోటార్ కొనే మనిషి అత్యాశతో కొనడం లేదు, ఈ రోజు పట్టుకోకపోతే ఎల్లుండి దాకా దిక్కులేదన్న భయంతో కొంటున్నాడు. 24 గంటలూ నీళ్లొచ్చే చోట డ్రమ్ముకూ మోటార్‌కూ పని ఉండదు. ఇదేమీ ఊహ కాదు. కర్ణాటకలో హుబ్బళ్లి-ధార్వాడలోని కొన్ని వార్డుల్లో 2008 ప్రాంతంలోనే నిరంతర సరఫరా మొదలుపెట్టారు. అక్కడి నల్లాల్లో కాలుష్యం, ఆగి ఆగి నీళ్లొచ్చే వార్డుల కంటే బాగా తక్కువగా ఉందని పరిశోధకులు పరీక్షించి చెప్పారు. ఒడిశాలోని పూరీ 2021లో నల్లా దగ్గరే నేరుగా తాగేలా 24 గంటల సరఫరా ప్రకటించింది. పూరీ చిన్న ఊరు, హైదరాబాద్‌తో పోల్చడానికి లేదు. నిజమే. కానీ హైదరాబాద్‌లో ఒక్కొక్క రిజర్వాయర్ పరిధి దాదాపు ఒక చిన్న ఊరంత ఉంటుంది, ఒక్కోటిగా మొదలుపెట్టడానికి ఏం అడ్డం?

2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల వరకు నీళ్లు ఉచితం. పేద కుటుంబానికి బిల్లు భారం తగ్గింది, అందులో సందేహం లేదు. అయితే ఉచితం అనేది బిల్లుకు వర్తించింది, గంటలకు కాదు. నల్లా దగ్గర కూర్చునే మనిషి నిన్నా కూర్చుంది, ఇవాళా కూర్చుంటుంది. అదే సమయంలో డబ్బున్న ఇళ్లు టైమ్‌ను కొనుక్కున్నాయి. సంపు కట్టించారు, పైన ట్యాంకు పెట్టించారు, ఎండాకాలంలో 500 రూపాయలకు అయిదు వేల లీటర్ల బోర్డు ట్యాంకరో, అంతకు ఎన్నో రెట్లు పోసి ప్రైవేటు ట్యాంకరో తెప్పించుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లను మీకు నీళ్లు ఏ టైమ్‌కి వస్తాయని అడిగితే చాలామంది చెప్పలేరు. చెప్పగలిగేది వాచ్‌మన్, లేదా వాచ్‌మన్ భార్య. అర్ధరాత్రి సంపు మూత తెరిచి టార్చి వేసి చూసేది వాళ్లే. పై అంతస్తులో తీరిన ఎదురుచూపు సెల్లార్‌లోకి దిగింది, అంతే.

ఇలాంటి గంటలను నిజంగా మిగిల్చిన సేవ ఒకటుంది. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు. ఢిల్లీలో అంతకు మూడేళ్ల ముందు వచ్చిన మొహల్లా క్లినిక్‌ల ఆలోచన ఇక్కడ బస్తీలోని కమ్యూనిటీ హాళ్లలోకి, ఖాళీగా పడున్న మున్సిపల్ గదుల్లోకి వచ్చింది. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకురాలు, ఒక బీరువా నిండా మందులు. ఇప్పుడు నగరంలో ఇలాంటివి 300కు పైగా ఉన్నాయి. జ్వరం, దగ్గు, షుగర్, బీపీ. పెద్దాస్పత్రికి వచ్చే జనంలో చాలామంది సమస్య ఇంతే. ఇంతకుముందు దానికే ఉస్మానియాకో గాంధీకో వెళ్లి, పొద్దున్నే ఓపీ చిట్టీ లైన్‌లో నిలబడి, డాక్టర్ దగ్గర ఇంకో లైన్, రక్తపరీక్షకు మూడో లైన్, మందుల కిటికీ దగ్గర నాలుగోది. రిపోర్టు కోసం మళ్లీ ఇంకో రోజు. వైద్యం ఉచితమే కానీ రెండు రోజుల కూలీ పోయేది, ముసలివాళ్లయితే వాళ్లను తీసుకెళ్లిన కొడుకు కూలీ కూడా పోయేది.

దవాఖానా ఈ లెక్కను మార్చేసింది. ఇందులో అసలు తెలివైన పని చాలామందికి కనబడదు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఆవరణలో అదే 2018లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ పెద్ద ల్యాబ్ పెట్టారు. దవాఖానాలో నర్సు రక్తం తీసి చిన్న గొట్టంలో పోస్తుంది, వ్యాన్ వచ్చి ఆ శాంపిళ్లను తీసుకెళుతుంది, రిపోర్టు తిరిగి దవాఖానాకే వస్తుంది. రోగి తిరగాల్సిన దారి శాంపిల్ తిరుగుతుంది. థైరాయిడ్ పరీక్ష కోసం ప్రైవేటు ల్యాబ్‌కు వందలు పోసే స్తోమత లేక, పెద్దాస్పత్రికి వెళ్లే తీరిక లేక ఏళ్ల తరబడి నీరసంతోనే బతికిన ఆడవాళ్లకు ఇది చిన్న మార్పు కాదు. నెలకోసారి వచ్చి బీపీ చూపించుకుని గోళీలు తీసుకెళ్లే అమ్మను అక్కడి నర్సు పేరుతో పిలుస్తుంది. రెండు నెలలు కనబడకపోతే పక్కింటివాళ్లను అడుగుతుంది. పెద్దాస్పత్రి ఎంత గొప్పదైనా ఈ పని చేయలేదు.

ఇంత మంచి ఏర్పాటులో ఒక లోపం అలాగే మిగిలింది. దవాఖానా తొమ్మిదింటికి తెరిచి నాలుగింటికి మూసేస్తారు. అడ్డా మీద కూలీ దొరకాలంటే ఏడు, ఏడున్నరకల్లా అక్కడ నిలబడాలి. తొమ్మిదయ్యేసరికి అడ్డా ఖాళీ అవుతుంది. పని ముగించుకుని ఆరింటికి బస్తీకి వచ్చేసరికి దవాఖానాకు తాళం. అందుకే అక్కడి బెంచీల మీద ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు ఎక్కువ, నడివయసు మగవాళ్లు తక్కువ. షుగర్, బీపీ ఉన్నాయని తెలియకుండానే తిరిగే వాళ్లు ఆ నడివయసు వాళ్లలో చాలామంది ఉంటారు. వాళ్లు సాయంత్రం మెడికల్ షాపులో నొప్పి గోళీ అడిగి వేసుకుంటారు, ఓ రోజు పక్షవాతంతో ఎమర్జెన్సీకి వస్తారు. వారంలో రెండు రోజులైనా సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉంచితే పడే ఖర్చు, ఒక పక్షవాతం కేసు ఆ కుటుంబం మీదా ఆస్పత్రి మీదా వేసే భారం ముందు ఎంత? కొత్త భవనం కట్టక్కర్లేదు, గది ఉంది, బీరువా ఉంది, మందులున్నాయి.

పెద్దాస్పత్రులు అక్కర్లేదని కాదు. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీళ్లు వచ్చి చేరితే రోగులను ఖాళీ చేయించారు, పక్కనున్న బ్లాకుల్లో సర్దారు. కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. మధ్యలో గడిచిన కాలమంతా ఇరుకు వార్డుల్లో పడకల మధ్య చాప వేసుకుని పడుకున్న అటెండెంట్లదే. అంత పెద్ద ఆస్పత్రి అసలు చూడాల్సిన రోగులను చూడగలగాలంటే చిన్న జబ్బులు బస్తీలోనే తేలిపోవాలి.

బస్సు విషయం క్లుప్తంగా. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి. దూరమని మానేసిన ఉద్యోగాలకు, కాలేజీలకు ఆడవాళ్లు మళ్లీ బయల్దేరారు. ఆటోకు పోసే డబ్బు ఇంట్లో మిగిలింది. ఈ పథకాన్ని ఎగతాళి చేసేవాళ్లు ఆ మిగిలిన డబ్బుతో ఇంట్లో ఏం జరుగుతుందో ఒకసారి చూడాలి. కానీ ఇక్కడా ఇబ్బంది అదే. బస్సులు జనం పెరిగినంతగా పెరగలేదు. స్టాప్‌లో ఎంతసేపు నిలబడాలో తెలియదు, వచ్చిన బస్సు ఆగుతుందో లేదో తెలియదు. 2023లో ఆర్టీసీ బస్సు ఎక్కడుందో చూపించే ‘గమ్యం’ యాప్ తెచ్చింది. అలాంటిది ప్రతి రూట్‌లో నమ్మకంగా పనిచేస్తే నిలబడే సమయం తగ్గకపోయినా నిలబడటంలోని బెంగ తగ్గుతుంది. నీడ, బెంచీ, దగ్గర్లో శుభ్రమైన బాత్రూమ్ ఉన్న స్టాప్‌లు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే, ఎదురుచూసే మనిషి మీద నగరానికి ఎంత గౌరవం ఉందో బయటపడుతుంది.

నగరంలో జనం ఇష్టపడి గంటలు గడిపే ప్రభుత్వ స్థలం కూడా ఒకటుంది, అది లైబ్రరీ. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పొద్దున్నే సంచులు, పుస్తకాలు పెట్టి సీట్లు ఆపుకుంటారు. పాలమూరు నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి, ఇరుకు హాస్టల్ గదిలో నలుగురితో సర్దుకుంటూ గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ ఉద్యోగానికీ చదివే పిల్లలకు ఆ కుర్చీ, ఆ ఫ్యాను, ఆ నిశ్శబ్దం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. చెట్టు కింద గుంపుగా కూర్చుని కరెంట్ అఫైర్స్ ప్రశ్నలు ఒకరినొకరు అడుగుతుంటారు, నోటిఫికేషన్ ఆలస్యమైతే ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. అయిదు రూపాయల భోజనం నగరంలో 2014లో మొదలైంది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. ఇలాంటి పిల్లల్లో చాలామంది మధ్యాహ్నం ఆకలి దానితోనే తీరుతోంది. ఒకచోట కుర్చీ, ఇంకోచోట ప్లేటు భోజనం. ఈ రెండూ ఉంటే ఊరి నుంచి వచ్చిన పిల్లవాడు ఇంకో ఏడాది నిలబడగలడు. ఆస్తి పన్ను కట్టే ప్రతి ఇంటి నుంచి రూపాయికి ఎనిమిది పైసల లెక్కన లైబ్రరీ సెస్ వసూలవుతుంది. అంటే ఈ కుర్చీకి నగరం ఇప్పటికే డబ్బు కట్టింది. మున్సిపాలిటీలు వసూలు చేసిన సెస్‌ను గ్రంథాలయ సంస్థలకు ఎప్పటికప్పుడు జమ చేయకుండా బకాయి పెట్టడం మన రాష్ట్రాల్లో పాత జబ్బు. ఆ డబ్బు సకాలంలో చేరితే ప్రతి రెండు మూడు వార్డులకు ఒక రీడింగ్ హాల్ రాత్రి పది దాకా తెరిచి ఉంచవచ్చు, చిక్కడపల్లి దాకా రావాల్సిన పని తప్పుతుంది.

ఇవన్నీ ఎవరిని అడగాలి? 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చేసినప్పుడు నగరం పెద్దదైంది, ఆఫీసు దూరమైంది. నీళ్లు వాటర్ బోర్డువి, కరెంటు డిస్కమ్‌ది, బస్సు ఆర్టీసీది, దవాఖానా వైద్య శాఖది, చెత్త కార్పొరేషన్‌ది. గల్లీలో నిలబడిన మనిషికి ఇవన్నీ ఒకే సర్కారు. ఏ ఆఫీసుకు పోయినా ‘ఇది మాది కాదు’ అన్న జవాబు వినడంలోనే ఒక పూట పోతుంది. 2023 జూన్‌లో 150 వార్డుల్లో వార్డు ఆఫీసులు తెరిచి, వేర్వేరు శాఖల సిబ్బందిని ఒకే చోట కూర్చోబెట్టాలన్న ఆలోచన చేశారు. ఆలోచన సరైనదే. అయితే కింద కూర్చున్న మనిషికి అక్కడికక్కడ నిర్ణయం తీసుకునే అధికారం, చేతిలో కొంచెం డబ్బు లేకపోతే ఆ ఆఫీసు ఫిర్యాదును పైకి పంపే పోస్టాఫీసుగా మిగిలిపోతుంది. 2020 డిసెంబర్‌లో జరిగిన కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటేసినవాళ్లు సగం కూడా లేరు, 46 శాతం చిల్లర. నగరవాసుల నిర్లక్ష్యం అని తిట్టడం సులువే. కార్పొరేటర్ చేతిలో నల్లా లేదు, బస్సు లేదు, దవాఖానా టైమింగ్ లేదు అని జనానికి అర్థమైనప్పుడు ఆ ఓటు మీద ఆసక్తి తగ్గడంలో వింత లేదు.

ఒక పని మాత్రం ఇప్పుడే, ఉన్న సిబ్బందితోనే చేయవచ్చు. ఇప్పుడు శాఖలు వచ్చిన ఫిర్యాదులు ఇన్ని, పరిష్కరించినవి ఇన్ని అని చెబుతాయి. ఫిర్యాదు వచ్చిన గంటకూ అది తీరిన గంటకూ మధ్య ఎంత టైమ్ పట్టింది, ఏ వార్డులో ఎంత, మురికి నీళ్ల ఫిర్యాదుకు ఎంత, డ్రైనేజీ పొంగితే ఎంత, దవాఖానాలో డాక్టర్ లేని రోజులు ఎన్ని అన్నవి కూడా వాళ్ల కంప్యూటర్లలోనూ హాజరు పట్టికల్లోనూ ఉన్నవే. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రజలకు అవసరమైన ఇలాంటి సమాచారాన్ని ఎవరూ అడగకముందే శాఖలు వాటంతట అవే బయటపెట్టాలి. వార్డు వారీగా, నెల నెలా, తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి దవాఖానా గోడ మీద అంటిస్తే బోరబండ వాళ్లు బంజారాహిల్స్ లెక్కతో తమ లెక్కను పక్కపక్కన పెట్టి చూసుకోగలుగుతారు.